మీ ప్రశ్నలు – ఫిజియోథెరపిస్టు జవాబులు: బెల్లీ డాన్స్ ఒంటికి ఏం చేస్తుంది?

వ్యాయామంగా పనికివచ్చే నాట్యాల గురించి పోయిన నెల ఈ శీర్షికలో రాసినప్పుడు, బెల్లీ డాన్స్ వెన్నుకూ కటిభాగానికీ మంచిదని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే. కొందరు మొహమాటపడుతూ అడిగారు, కొందరు పేరు వేయవద్దన్నారు, అందుకే ఎవరి పేరూ వేయడం లేదు. నేను ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. అందులో ఆరేళ్లు గల్ఫ్‌లో ఉద్యోగం చేసినప్పుడు, నాతో పనిచేసిన ఒక ఈజిప్టు స్నేహితురాలి దగ్గర ఈ నాట్యం నేర్చుకున్నాను. అందుచేత నేర్చుకున్నదానిగానూ, రోగులకు వ్యాయామాలు నేర్పేదానిగానూ ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావడంతో రోజుకు తొమ్మిది, పది గంటలు కుర్చీలోనే గడుస్తాయి. రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో బెల్లీ డాన్స్ క్లాసు మొదలైంది. చేరితే నొప్పి తగ్గుతుందా, పెరుగుతుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎక్స్‌రేలో ఏమీ కనిపించనంత మాత్రాన మీ నొప్పి లేనిది కాదు. నడుము నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి, ఫలానా ఎముక వల్ల, ఫలానా డిస్కు వల్ల అని వేలు పెట్టి చూపించగల కారణం దొరకదు. గంటల తరబడి కూర్చునేవారిలో తొడ ముందు భాగం నుంచి వెన్నుపూసల దాకా వెళ్లే కండరాలు బిగుసుకుంటాయి, పిరుదుల కండరాలకు పని తగ్గిపోతుంది, పొట్ట లోపలి పొరలో నడికట్టులాగా చుట్టుకుని ఉండే అడ్డకండరం బలహీనపడుతుంది. దానికి తోడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు పెద్దవయసులో సొంత రక్తనాళాలు దాదాపుగా ఉండవు. చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరి వచ్చే పోషకాలే వాటికి ఆధారం, ఆ ఊట సాగడానికి ఒంటి కదలిక సాయపడుతుంది. రోజంతా ఒకే భంగిమలో ఉన్న నడుముకు కావలసింది భయం లేని, అదుపు తప్పని కదలిక.

బెల్లీ డాన్స్ ఇచ్చేది సరిగ్గా అదే. నడుము నొప్పితో వచ్చినవారిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుమును పరుపుకు ఆనించి మళ్లీ వదలమని మేము మొట్టమొదట నేర్పుతాం. ఆ కదలికనే నిలబడి, లయకు తగ్గట్టు మెల్లగా చేస్తే, ఈ నాట్యంలో పొట్ట అలలాగా కదిలే విన్యాసానికి అది తొలిమెట్టు అవుతుంది. కటిని నీళ్లు నింపిన పళ్లెంలాగా ఊహించుకుని అంచు వెంట చుట్టూ తిప్పడం, తుంటితో 8 అంకె ఆకారాన్ని గీయడం, ఒక పక్క తుంటిని పైకి ఎత్తి కిందికి వదలడం వంటి మూల విన్యాసాలన్నీ వెన్ను కింది భాగాన్ని ముందుకు, వెనక్కి, పక్కలకు, గుండ్రంగా కొద్దికొద్దిగా కదుపుతాయి. ఒక భాగం కదులుతున్నప్పుడు మిగతా ఒళ్లు నిలకడగా ఉండాలన్నది ఈ నాట్యంలో మూలసూత్రం కాబట్టి, తుంటి కదులుతున్నంతసేపూ పొట్టలోని అడ్డకండరమూ, పక్క కండరాలూ, వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే చిన్న కండరాలూ ఛాతీని కదలనివ్వకుండా పట్టి ఉంచవలసి వస్తుంది. బరువులు ఎత్తకుండానే ఆ లోపలి కండరాలకు ఓర్పు పెరిగే మార్గం ఇది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారినప్పుడల్లా కటి పక్కకు వాలిపోకుండా ఆపే పిరుదుల పక్క కండరానికి కూడా పని పడుతుంది. నడుము నొప్పి ఉన్న చాలామందిలో ఆ కండరం నీరసంగా ఉండడం నేను రోజూ చూస్తున్నాను.

ఈ మేలంతా నిలబడే తీరు మీద ఆధారపడి ఉంది. ఈ నాట్యం నేర్చుకోవాలని నేను మొదట చేరిన ఒక క్లాసులో మోకాళ్లు బిగబట్టి, ఛాతీ ముందుకు తోసి, నడుమును వెనక్కి వంచి తుంటిని విసరమనేవారు. మూడో వారానికి నడుము పట్టేసి నాలుగు రోజులు వంగలేకపోయాను. తర్వాత ఈజిప్టు స్నేహితురాలు నేర్పిన మొదటి పాఠంలో విన్యాసమే లేదు. పాదాలు తుంటి వెడల్పున ఉంచి, మోకాళ్లు కాస్త వదులుగా మడిచి, తోక ఎముక నేలను చూస్తున్నట్టుగా, నడినెత్తిని ఎవరో పైకి లాగుతున్నట్టుగా పది నిమిషాలు నిలబెట్టింది. తుంటి పైకీ కిందికీ కదలడం ఆ వదులు మోకాళ్ల వల్లనే సాధ్యమవుతుంది. మోకాలు బిగిస్తే ఆ కదలికంతా వెన్ను మీద పడుతుంది. మీ క్లాసులో టీచరు మొదటి రోజే ఈ నిలబడే తీరు నేర్పితే ధైర్యంగా చేరండి, నేర్పకుండా నేరుగా పాట పెట్టి ఆడిస్తే మాత్రం చేరవద్దని చెబుతాను.

వారానికి రెండు రోజులు, ఒక్కోసారి 45 నిమిషాలు మీకు సరిపోతుంది. మొదటి మూడు వారాలు కదలికలను చిన్నవిగానే ఉంచండి. కండరాలు కాస్త లాగినట్టు ఉండి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే ఫరవాలేదు. నొప్పి కాలిలోకి దిగినా, కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతోనో కారణం లేకుండా బరువు తగ్గడంతోనో నొప్పి కలిసి వచ్చినా నాట్యం ఆపి వెంటనే డాక్టరును కలవాలి.

ప్రశ్న: బెల్లీ డాన్స్ చేస్తే పొట్ట కరుగుతుందని ఇంటర్నెట్‌లో చదివాను. నెలకు ఎన్ని కిలోలు తగ్గవచ్చు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఏ భాగాన్ని కదిపితే ఆ భాగంలోని కొవ్వు కరుగుతుందన్నది నిజం కాదు. కండరం పనిచేసేటప్పుడు తనకు ఆనుకుని ఉన్న కొవ్వునే ఏరి వాడుకోదు, ఒళ్లంతటి నుంచీ రక్తంలోకి వచ్చే శక్తిని వాడుకుంటుంది. పొట్ట ఎంత తిప్పినా పొట్ట మీది కొవ్వు విడిగా తగ్గదు.

అసలు ఆ పేరే ఇటువంటి ఆశ పుట్టిస్తోందని నాకు అనిపిస్తుంది. ఈజిప్టువారు దీన్ని ‘రక్స్ షర్కీ’ అంటారు, అంటే తూర్పు దేశపు నాట్యం అని అర్థం. ఇళ్లలో, పెళ్లిళ్లలో ఆడుకునే దాన్ని ‘బలదీ’ అంటారు, మన ఊరిది, మన నేలది అన్నట్టు. ‘పొట్ట నాట్యం’ అన్న పేరును ముందు ఫ్రెంచివారు పెట్టారు, 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత అమెరికాలో ఆ పేరు పాకింది. ఈజిప్టు ఆటలో ముందుండేది తుంటి, పొట్ట దాని వెనుక వస్తుంది. కైరోలో 1926లో బదియా మసాబ్నీ అనే నర్తకి తన నాట్యశాల తెరిచిన తర్వాత, వేదికకు తగ్గట్టుగా చేతుల విన్యాసమూ, రంగస్థలమంతా తిరిగే అడుగులూ పెరిగాయి. ఈనాడు క్లాసుల్లో నేర్పేది చాలావరకు ఆ కైరో రంగస్థల నాట్యం నుంచి వచ్చినదే. అందులో భుజాలూ, వీపు పైభాగమూ, కాళ్లూ అన్నీ పనిచేస్తాయి కాబట్టి ఖర్చయ్యే శక్తి కూడా చెప్పుకోదగ్గదే.

ఎంత అంటే, వ్యాయామ శాస్త్రవేత్తలు వాడే పట్టికలో బెల్లీ డాన్స్ వంటి సంప్రదాయ నాట్యాలకు ఇచ్చిన విలువ 4.5, అంటే ఊరికే కూర్చున్నప్పటి కంటే నాలుగున్నర రెట్లు. గంటకు దాదాపు 5.6 కిలోమీటర్ల వేగంతో నడిచే నడకకు ఇచ్చిన విలువ 4.3. రెండూ దాదాపు సమానమే. 60 కిలోల బరువున్న మనిషి గంటసేపు ఆడితే సుమారు 270 కెలోరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కెలోరీలు ఉంటాయి కాబట్టి, వారానికి మూడు గంటలు ఆడుతూ తిండి పెంచకుండా ఉంటే, కిలో తగ్గడానికి లెక్క ప్రకారం తొమ్మిది, పది వారాలు పడుతుంది. నెలకు ఐదు కిలోలని చెప్పే ప్రకటనలను ఈ లెక్కతో పోల్చి చూసుకోండి. పైగా, నెమ్మదిగా సాగే విన్యాసాలలో గుండె వేగం అంతగా పెరగదు. తుంటిని గబగబా కంపింపజేసే ‘షిమ్మీ’ని ఐదు నిమిషాలు ఆపకుండా చేస్తూ, మాట్లాడగలిగి కూడా పాట పాడలేని స్థితికి వస్తే, గుండెకు కావలసిన మధ్యస్థాయి వ్యాయామం జరుగుతున్నట్టు.

బరువు కంటే నడుము చుట్టుకొలతను గమనించుకోమని నా సలహా. మన దేశపు ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఆ కొలత తగ్గడానికి తిండి, నిద్ర, వారం మొత్తం మీది కదలిక అన్నీ కలిసి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలి, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉండాలి. మొదటి సగాన్ని ఈ నాట్యంతో చక్కగా పూరించవచ్చు. రెండో సగానికి ఇది చాలదు, ఎందుకంటే ఇందులో కండరాలకు ఓర్పు వస్తుంది గానీ బరువు మోయగల శక్తి అంతగా పెరగదు. గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండీలు, చిన్న డంబెల్స్ వంటివి పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, మోకాళ్ల నొప్పులు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ఈ నాట్యం నేర్చుకుంటోంది, వీడియో కాల్‌లో నన్నూ చేయమంటోంది. ఈ వయసులో ఇది తగునా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తగునా అన్న మాట పక్కన పెట్టండి అమ్మా. ఈజిప్టులో పెళ్లిళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు నిలబడి తుంటి ఆడించకపోతే సందడి పూర్తికాదు. మీ వయసులో చూడవలసినవి మోకాళ్లు, పాదాలు, షుగరు లెక్క.

ఎగరడం, నేలను గట్టిగా తొక్కడం ఈ నాట్యంలో లేవు కాబట్టి అరిగిన మోకాళ్లకు దెబ్బ తక్కువ. తొడ కండరాలు బలపడితే మోకాలి మీది భారం తగ్గుతుంది కూడా. అయితే షిమ్మీని ఈజిప్టు పద్ధతిలో రెండు మోకాళ్లను ఒకదాని తర్వాత ఒకటి గబగబా మడుస్తూ చాపుతూ చేస్తారు. మీరు దాన్ని మెల్లగా, మోకాలు పూర్తిగా వెనక్కి చాపకుండా, అరనిమిషం చొప్పున మాత్రమే చేయండి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా ఆ రోజు మానేయండి. ఎత్తయిన కుర్చీలో కూర్చుని కూడా కటిని గుండ్రంగా తిప్పవచ్చు, ఛాతీని పక్కలకు జరపవచ్చు, చేతులను పాములాగా అలలుగా కదపవచ్చు. మొదటి నెల అలాగే చేయమంటాను.

పాదాల గురించి ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ నాట్యాన్ని చాలామంది ఒట్టి కాళ్లతో చేస్తారు. పన్నెండేళ్ల షుగరుతో మీ అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, అప్పుడు చిన్న గాజుముక్కో పిన్నీసో గుచ్చుకున్నా తెలియదు, ఆ గాయం మానడం కష్టమవుతుంది. మీరు జారని, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకునే ఆడండి. ఆట అయ్యాక అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే అద్దం పెట్టుకోండి. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దింపే మాత్రలు గానీ వాడుతుంటే మొదలుపెట్టే ముందు పరీక్ష చేసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే కొంచెం పిండిపదార్థం తిన్నాకే లేవండి. భోజనం చేసిన గంటకు పదిహేను నిమిషాలు ఆడితే మరీ మంచిది, ఎందుకంటే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను తీసుకోగలుగుతుంది.

మీ వయసువారికి ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది పడిపోకుండా నిలబడే తూకం. బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మారడం, చేతులు ఒక లయలో, తుంటి మరో లయలో నడవడం, పాట మీద చెవి ఉంచడం, ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. ఇంట్లో పడిపోయేవాళ్లు ఎక్కువగా పడేది ఒక పని చేస్తూ ఇంకో వైపు చూసినప్పుడే. ఆ రెండు పనుల మధ్య ఒంటిని నిలబెట్టుకునే అలవాటు ఇక్కడ సంతోషంగా వస్తుంది. బొటనవేలికీ నడిమివేలికీ తొడుక్కునే చిన్న తాళాలను ఈజిప్టువారు ‘సగాత్’ అంటారు. భజన తాళం వేయడం అలవాటుంటే మీకు అవి నాలుగు రోజుల్లో పట్టుబడతాయి. గోడ పక్కనో, బరువైన బల్ల పక్కనో నిలబడి చేయండి. ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పి ఉంటే వెనక్కి విరుచుకునే విన్యాసాలూ, నడుమును గట్టిగా మెలితిప్పేవీ పూర్తిగా వదిలేయండి.

ప్రశ్న: సిజేరియన్ అయి నాలుగు నెలలైంది. దగ్గినా తుమ్మినా మూత్రం కారుతోంది. ఎవరితోనూ చెప్పలేకపోతున్నాను. బెల్లీ డాన్స్ వల్ల కింది కండరాలు గట్టిపడతాయని ఒక స్నేహితురాలు అంటోంది.
— పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు రాయడమే మంచి పని చేశారు. ప్రసవమైన ఎందరో తల్లులకు ఉండే ఇబ్బంది ఇది. సిజేరియన్ అయినవారికి రాదనుకుంటారు, కానీ తొమ్మిది నెలలు బిడ్డ బరువును మోసిన కండరాలే కదా అవి. కటి అడుగున ఊయలలాగా పరుచుకుని మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పెద్దపేగు చివరినీ మోసే కండరాలు వదులు కావడం వల్ల ఇలా జరుగుతుంది.

మీ స్నేహితురాలి మాటలో సగం నిజముంది. కటిని తిప్పే కదలికలలో పొట్టలోని అడ్డకండరంతో పాటు ఈ అడుగు కండరాలు కూడా మేల్కొంటాయి. ఊపిరి మీద ధ్యాస, నిలబడే తీరు సరిగ్గా ఉండడం వాటికి మేలు చేస్తాయి. అయితే ఈ ఇబ్బందికి నేరుగా పనిచేసే చికిత్స ఆ కండరాలను విడిగా బిగించి వదిలే వ్యాయామమే. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ దాన్ని వివరించారు కాబట్టి కెగెల్ వ్యాయామమని పిలుస్తాం. మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు బిగించి, లోపలికి పైకి లాగి, కొన్ని క్షణాలు పట్టి, పూర్తిగా వదలాలి. ఒక్కోసారి ఎనిమిది చొప్పున రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. వదలడం బిగించడమంత ముఖ్యమని చాలామంది మరిచిపోతారు. బెల్లీ డాన్స్‌ను దీనికి బదులుగా కాకుండా దీనికి తోడుగా పెట్టుకోండి.

నాట్యానికి ముందు గైనకాలజిస్టుకు కుట్టు చూపించండి. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తినప్పుడు బొడ్డు దగ్గర పొట్ట మధ్యలో గట్టులాగా ఉబికినా, రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలినా, పొట్ట కండరాలు విడిపోయి ఉన్నట్టు. అప్పుడు పొట్టను అలలుగా తిప్పడం, గబగబా కంపింపజేయడం, వెనక్కి వంగడం చేయవద్దు. కటిని చిన్నగా గుండ్రంగా తిప్పడం, తుంటితో మెల్లగా 8 ఆకారం గీయడం, ఊపిరి వదులుతూ కింది కండరాలను పైకి తీసుకోవడంతో మొదలుపెట్టండి. ఆడుతున్నప్పుడు మూత్రం కారితే ఆ విన్యాసం మీకు ఇంకా తొందర అన్నమాట, ఒక మెట్టు వెనక్కి రండి. కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు అనిపిస్తే వ్యాయామం ఆపి డాక్టరును కలవండి. ఇంట్లోవాళ్లతో చెప్పడం కష్టమైతే ముందు మీ డాక్టరుతో చెప్పండి, ఇది ఆమె రోజూ వినే మాటే.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెలసరి మొదటి రెండు రోజులు కడుపు నొప్పితో లేవలేను. ఈ నాట్యం ఉపయోగపడుతుందా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: క్రమం తప్పని వ్యాయామం వల్ల నెలసరి నొప్పి తగ్గే అవకాశం ఉందని వైద్య పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. అది ఏ వ్యాయామమైనా కావచ్చు. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట నుంచి గంట దాకా చేయాలి, నెలసరి వచ్చిన రోజున మాత్రమే చేస్తే చాలదు. పొత్తికడుపునూ నడుమునూ సడలించే కదలికలు ఎక్కువగా ఉండడం వల్ల చాలామందికి ఈ నాట్యం హాయిగా ఉంటుంది. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, మందులకు లొంగకపోయినా, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉన్నా పరీక్షలు చేయించుకోవాలి, ఆడవాళ్లకు ఇదంతా మామూలే అని ఎవరు చెప్పినా ఆగవద్దు.

ప్రశ్న: మేము దోహాలో ఉంటాం. ఇక్కడి ఆడవాళ్ల పెళ్లి విందుకు వెళ్తే జుట్టు విరబోసుకుని తల విసురుతూ ఆడుతున్నారు. బెల్లీ డాన్స్ అంటే ఇదేనా? నాకు మెడ అరిగిందని చెప్పారు, నేనూ వాళ్లతో ఆడవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖతార్

జవాబు: మీరు చూసింది ‘ఖలీజీ’, అంటే గల్ఫ్ ప్రాంతపు ఆడవాళ్ల నాట్యం. పొడవాటి, జరీ పని చేసిన వదులు అంగీ వేసుకుని, చిన్న అడుగులతో ముందుకూ వెనక్కూ జరుగుతూ జుట్టును ఇటూ అటూ విసురుతారు. ఈజిప్టు రక్స్ షర్కీ వేరు. క్లాసుల్లో ఈ రెండింటినీ ఒకే పేరు కింద కలిపి నేర్పుతుంటారు కాబట్టి మీకు సందేహం రావడం సహజం.

మెడ అరుగుదల ఉన్నవారు తల విసరడం పూర్తిగా మానుకోవాలి. మెడపూసల సందుల్లోంచి చేతులకు వెళ్లే నరాలు ఆ విసురుకు నలిగే ప్రమాదం ఉంది, తల కూడా తిరగవచ్చు. అడుగులు వేయండి, భుజాలు ఆడించండి, చేత్తో అంగీ అంచు పట్టుకుని ఊగండి, జుట్టు మాత్రం ముడి వేసుకోండి. వాళ్లలోనూ పెద్దవయసు ఆడవాళ్లు అలాగే ఆడతారు, ఎవరూ తప్పు పట్టరు. ఈజిప్టు నాట్యంలోని భుజాల గుండ్రటి కదలికలు, ఛాతీని మెల్లగా ఎత్తి దించడం మీ మెడకు మేలే చేస్తాయి. ఫోను మీదా కంప్యూటరు మీదా ముందుకు వాలిపోయిన వీపు పైభాగం వాటితో వదులవుతుంది, మెడ మీది భారం తగ్గుతుంది.

ప్రశ్న: పదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. బెల్లీ డాన్స్ నేర్చుకుంటే నా అడవు పాడవుతుందని మా గురువుగారు అంటున్నారు. ఒంటికి మాత్రం మంచిదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కళ విషయంలో మీ గురువుగారి మాటకు నేను అడ్డు చెప్పను, నాకు ఆ అర్హత లేదు. ఒంటి విషయం వరకే చెబుతాను. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు మడిచి సగం కూర్చున్నట్టుండే భంగిమలో, మీ తొడలు బయటికి తిరిగి ఉంటాయి, కటి నిశ్చలంగా ఉంటుంది, పాదం నేలను గట్టిగా కొడుతుంది. ఆ దెబ్బ మడమకూ, మోకాలికీ, నడుముకూ చేరుతుంది. రక్స్ షర్కీలో పాదాలు ముందుకు చూస్తూ నేలను అంటీ అంటనట్టు ఉంటాయి, కదలవలసింది కటే. అంటే కూచిపూడి బిగించి ఉంచిన కండరాలను ఇది వదులు చేస్తుంది, కూచిపూడిలో దెబ్బతినే కీళ్లకు విశ్రాంతి ఇస్తుంది. నా దగ్గరికి నడుము, మోకాళ్ల నొప్పులతో వచ్చే నాట్యకత్తెలకు కటిని తిప్పే ఈ కదలికలను చివరి పది నిమిషాల సడలింపుగా నేర్పుతుంటాను. సాధనకు ముందు చేయవద్దంటాను, అరమండికి కావలసిన బిగువు అప్పుడు కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు. సాధన ముగిశాక చేస్తే గురువుగారికీ అభ్యంతరం ఉండదనుకుంటున్నాను, ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: మగవాళ్లు చేయవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిస్సందేహంగా చేయవచ్చు. వెన్నూ, పొట్ట కండరాలూ, కటి అడుగు కండరాలూ మగవాళ్లకూ ఉన్నాయి. ప్రోస్టేటు ఆపరేషను తర్వాత మూత్రం అదుపు కోసం కెగెల్ వ్యాయామాన్ని మేము మగవాళ్లకూ నేర్పుతాం. ఈజిప్టులో మగవాళ్లు పెళ్లిళ్లలో ఆడతారు. ఎగువ ఈజిప్టులో, అంటే ఆ దేశపు దక్షిణ భాగంలో, వాళ్లకు ‘తహ్తీబ్’ అనే కర్రసాము కూడా ఉంది, దాన్ని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కర్ర ఆట నుంచే ఆడవాళ్ల కర్ర నాట్యం పుట్టింది. కర్రను తలపైన తిప్పుతూ తుంటి లయ నిలుపుకోవడం భుజాలకు గట్టి వ్యాయామం. కర్రసాము తెలిసిన చేతులైతే మీరు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని స్థితి ఉంటే మాత్రం ముందు దానికి చికిత్స చేయించుకోండి. హెర్నియా ఉన్నా, ఈమధ్య పొట్ట ఆపరేషను అయినా సర్జన్ సరేనన్న తర్వాతే క్లాసులో చేరండి.